మట్టి మీటర్ కొన్నారా? ముందు ఉప్పునీళ్లతో ఒకసారి చూడండి

స్టీలు సూదులు, చిన్న స్క్రీను, నేలలో గుచ్చగానే నత్రజని ఇంత, భాస్వరం ఇంత, పొటాష్ ఇంత అని చూపించే మీటర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి కదా, మా బావ ఒకటి తెప్పించాడు. మాది కావలి వైపు, వరి సేద్యం.

కొన్నవాళ్లు ముందు ఈ పని చేయండి. రెండు గ్లాసుల్లో ఒకే మట్టి వేసి, ఒకదాంట్లో మంచినీళ్లు, రెండోదాంట్లో అరచెంచా ఉప్పు కలిపిన నీళ్లు అంతే కొలతలో పోసి, రెండింట్లోనూ గుచ్చి చూడండి. మా ఉప్పు గ్లాసులో మూడు అంకెలూ ఎగబాకాయి. వంటింటి ఉప్పులో నత్రజని ఎక్కడిది? చౌక మీటర్లలో చాలావాటికి ఈ మూడింటినీ విడివిడిగా గుర్తుపట్టే శక్తి లేదు. మట్టిలో కరెంటు ఎంత సులువుగా పారుతుందో కొలుస్తాయి, దాన్నే ఈసీ అంటారు, ఉప్పు ఎక్కువైతే అదీ పెరుగుతుంది, ఆ ఒక్క అంకె నుంచే మిగతా మూడూ లెక్కకట్టి చూపిస్తాయి. భాస్వరం సంగతి మరీను, అది మట్టి రేణువులను అంటుకుని ఉంటుంది, ల్యాబ్‌లో రసాయనం పోసి కదిపితేగానీ వదలదు.

అలాగని పారేయకండి. రొయ్యల గుంటల పక్కన, ఉప్పునీరు ఊరే పొలాలున్నవాళ్లకి ఆ ఈసీ ఒక్కటే చాలు, డబ్బులు గిట్టినట్టే. తడి పెట్టిన రెండు మూడు రోజులకు, మట్టి పిడికిట్లో ముద్ద కడుతున్నప్పుడు గుచ్చండి. ఎండి నెర్రెలిచ్చిన నల్లరేగడిలో సూదులకు మట్టి ఆనదు, అంకె తప్పొస్తుంది. యూరియా చల్లిన వారంలో వద్దు. సూదులు పూర్తిగా దిగాలి, రాయి తగిలితే సుత్తితో కొట్టకుండా పక్కకి జరగండి. అంకె నిలబడేదాకా ఆగి, ఒక్కోచోట మూడుసార్లు చూసి, తుడిచి ముందుకెళ్లండి. గుంట వైపు గట్టు నుంచి పైమడి దాకా పది పది అడుగులకు ఒక రీడింగ్ రాసుకుంటే ఉప్పు ఎందాకా పాకిందో తెలిసిపోతుంది.

కానీ ఈ అంకెని ల్యాబ్ రిపోర్టుతో పోల్చొద్దు. ల్యాబ్‌లో మామూలుగా ఆరిన మట్టి ఒక వంతు, నీళ్లు రెండు నుంచి రెండున్నర వంతులు కలిపి చూస్తారు. మీరూ అలా చూడాలంటే పెన్ను లాంటి ఈసీ మీటర్ వేరే కొనాలి, నీళ్లు మాత్రం బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటరే వాడండి, బోరు నీళ్లలోనే ఉప్పుంటుంది మరి. అరగంట మధ్యమధ్యలో కలిపి కొలవండి. పెన్ను మీటర్‌లో 1000 మైక్రోసీమెన్స్ అంటే ల్యాబ్ రిపోర్టులో ఈసీ 1. అంతకన్నా తక్కువైతే టెన్షన్ అక్కర్లేదు.

నత్రజని, భాస్వరం, పొటాష్‌కి మాత్రం మట్టి పరీక్షకు పంపాల్సిందే. ఎకరాకు ఎనిమిది పది చోట్ల వి ఆకారంలో ఆరంగుళాల గుంట తీసి, పక్క నుంచి పైనుంచి కిందిదాకా పలుచగా చెక్కి, అంతా కలిపి అరకేజీ మిగిల్చి నీడలో ఆరబెట్టండి. గట్టు పక్కన, పెంటకుప్ప ఉన్నచోట తీయొద్దు. ఎరువుల గోతంలో అస్సలు పెట్టొద్దు.

నాట్లేశాక యూరియా ఎప్పుడు వేయాలో తేల్చుకోవడానికి ఆకు రంగుల పట్టీ చాలు, అంటే లేత నుంచి ముదురు దాకా ఆకుపచ్చ గీతలు నంబర్లతో ఉండే పట్టీ, మీటర్ కన్నా చాలా చౌక. వారం పది రోజులకోసారి, పూర్తిగా విచ్చుకున్న పై ఆకులు పది, మీ నీడ పడేలా నిలబడి పట్టీతో పోల్చండి. పదిలో ఆరు, అంతకన్నా ఎక్కువ ఆకులు మీ రకానికి చెప్పిన గీత కన్నా పాలిపోయి ఉంటే అప్పుడు చల్లండి. మీ వరి రకానికి ఏ నంబరు గీత అనేది రైతు సేవా కేంద్రంలో అడగండి.