ఫోను యాప్‌ను బ్రౌజర్‌లో నడిపించడం ఎలా?

బెంగళూరు మారతహళ్లిలో తెలుగు భోజనం డబ్బాలు పంపే ఒక మెస్‌కు ఆండ్రాయిడ్ యాప్ ఉందనుకుందాం. తినేవాళ్లలో ఎక్కువమంది రింగ్ రోడ్డు వెంబడి ఆఫీసుల్లో ఉంటారు. ఆర్డరు పెట్టే వేళకు వాళ్ల కళ్లముందు ఉండేది కంప్యూటరే. వాళ్లకు కావలసింది నొక్కగానే తెరుచుకునే ఒక లింకు. అందుకని ఈ పనిలో నేను అన్నిటికంటే ముందు పెట్టేది వెబ్ చిరునామాలను (యూఆర్‌ఎల్‌లను).

యాప్‌లో ఎన్ని తెరలు ఉన్నాయో కాగితం మీద రాసి, ప్రతిదానికీ ఒక చిరునామా ఇవ్వండి: ఈరోజు మెనూకు ఒకటి, ఒక్కో ఆర్డరుకు ఒకటి, పాత బిల్లులకు ఒకటి. ఫోనులో తెరలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి, వెనక్కి నొక్కితే పైది తొలగుతుంది. బ్రౌజర్‌లో మనిషి ఎక్కడి నుంచైనా లోపలికి రావచ్చు. స్నేహితుడు పంపిన లింకుతో నేరుగా ఆర్డరు పేజీలో దిగవచ్చు, మధ్యలో పేజీని మళ్లీ లోడ్ చేయవచ్చు, అదే పేజీని రెండు ట్యాబుల్లో తెరవవచ్చు. అన్నిసార్లూ ఆ తెర తన సమాచారాన్ని తానే తెచ్చుకోగలగాలి. ముందరి తెర అందిస్తుందని నమ్ముకున్న కోడ్ అంతా ఇక్కడ బయటపడుతుంది. దాన్ని ఓపికగా మార్చండి, సగం పని తీరుతుంది.

ఈ జాబితా చేతిలో ఉన్నప్పుడే ఏవి అక్కర్లేదో కూడా తేల్చుకోండి. డబ్బాలు చేరవేసే కుర్రాడి లొకేషన్‌ను ట్యాబ్ మూసిన తర్వాత బ్రౌజర్ గమనించదు. కాబట్టి ఆ భాగం ఫోను యాప్‌లోనే ఉండనివ్వండి.

తర్వాత యాప్ దేనితో కట్టారో చూడండి. ఫ్లట్టర్ (ఒకే కోడ్‌తో ఆండ్రాయిడ్, ఐఫోన్ యాప్‌లు కట్టే గూగుల్ పరికరం) అయితే 2021 మార్చి నుంచి వెబ్ కూడా దాని స్థిరమైన విడుదలలో భాగం. అలాంటిదే అయిన రియాక్ట్ నేటివ్‌కు రియాక్ట్ నేటివ్ వెబ్ అనే లైబ్రరీ ఉంది. కోట్లిన్ (ఆండ్రాయిడ్ భాష)లోనో స్విఫ్ట్ (ఐఫోన్ భాష)లోనో నేరుగా రాసినదైతే, సర్వర్‌ను అలాగే ఉంచి తెరలను మామూలు వెబ్ పేజీలుగా మళ్లీ రాయడం మంచిదని నా అభిప్రాయం. ఎందుకంటే ఫ్లట్టర్‌కు మారితే, అది మొదటి తెర చూపేలోపే తన బొమ్మలు గీసే యంత్రాంగాన్ని దించుకుంటుంది, అదే ఒక ఎంబీ దాటుతుంది. నెట్ సరిగా అందని చోట, మెనూ చూడాలనుకున్న మనిషి అంతసేపు ఆగడు. ఫ్లట్టరే వాడితే తెలుగు ఫాంటును యాప్‌తోపాటే చేర్చండి. లేకపోతే ఆ ఫాంటు నెట్ నుంచి వచ్చేదాకా ‘గోంగూర పప్పు’ బదులు ఖాళీ గళ్లు కనబడతాయి.

ఇప్పుడు ఫోను అడగకుండానే ఇచ్చిన సౌకర్యాలకు ప్రత్యామ్నాయం వెతకాలి. యాప్ లోపలి డేటాబేస్‌కు బదులు బ్రౌజర్‌లో ఇండెక్స్‌డ్‌డీబీ ఉంది. కానీ సఫారీ వాడుతూ మీ సైటును 7 రోజులపాటు ముట్టుకోకపోతే, అక్కడ దాచినది చెరిగిపోవచ్చు. ముఖ్యమైనది ఏదైనా సర్వర్‌లోనే ఉంచండి. లాగిన్ టోకెన్‌ను (లాగిన్ అయ్యారని సర్వర్‌కు చూపే గుర్తును) పేజీలో నడిచే జావాస్క్రిప్ట్ కోడ్‌కు అందని హెచ్‌టీటీపీ ఓన్లీ కుకీలో పెట్టండి. రహస్య తాళంచెవులు (సీక్రెట్ కీలు) ఏవీ పేజీ కోడ్‌లో ఉండకూడదు, ఎవరైనా తెరిచి చదివేస్తారు.

ఫోనులో చక్కగా పనిచేసిన సర్వర్ పిలుపు (రిక్వెస్టు) బ్రౌజర్‌లో ఆగిపోతే కంగారు పడకండి. వేరే డొమైన్ నుంచి వచ్చే జవాబును, ఆ సర్వర్ అనుమతిస్తేనే బ్రౌజర్ మీ పేజీకి ఇస్తుంది. దీన్నే కార్స్ (CORS) అంటారు. సర్వర్‌లో మీ సైటు పేరును స్పష్టంగా రాయండి. అందరికీ అనుమతి అని నక్షత్రం గుర్తు పెడితే, కుకీలతో వెళ్లే పిలుపులకు అది చెల్లదు. పేజీలనూ సర్వర్‌నూ సబ్‌డొమైన్ కూడా వేరు కాకుండా ఒకే డొమైన్ మీద పెట్టగలిగితే ఈ గొడవే ఉండదు.

చెల్లింపు దగ్గర రెండు దారులు ఉంచాలి. ఫోను బ్రౌజర్‌లో యూపీఐ లింకు నొక్కితే చెల్లింపు యాప్ తెరుచుకోవచ్చు, కంప్యూటర్లో అది కుదరదు కాబట్టి క్యూఆర్ కోడ్ చూపండి. డబ్బు వచ్చిందా లేదా అన్నది మాత్రం పేజీ మాట నమ్మకుండా సర్వరే నిర్ధారించుకోవాలి.

నోటిఫికేషన్లు కావాలంటే సైటు హెచ్‌టీటీపీఎస్ (భద్రమైన కనెక్షన్) మీద ఉండాలి. ఐఫోన్‌లో ఐఓఎస్ 16.4 నుంచి ఇవి వస్తాయి, అదీ సైటును హోమ్ స్క్రీన్‌కు చేర్చుకున్నవాళ్లకే. ఎంటర్ నొక్కితే ఫారం వెళ్తోందా, వెడల్పాటి తెర మీద బటన్లు సాగిపోతున్నాయా అన్నవి ఒకసారి చూసుకుంటే చాలు.

వేగం కోసం సర్వీస్ వర్కర్ (పేజీ వెనక బ్రౌజర్ నడిపే చిన్న స్క్రిప్టు) పెడితే అది పాత పేజీలను దాచి చూపించవచ్చు. బొమ్మలకూ ఫాంట్లకూ అది వాడండి. ఈరోజు మెనూ, ధరలు ప్రతిసారీ సర్వర్ నుంచే రావాలి.