యుద్ధం మధ్యలో మంత్రం తెగిందా? ఆట నడిపే డీఎం (డంజియన్ మాస్టర్) ఏం చేయాలి?

విజయనగరంలో మేము డంజియన్స్ అండ్ డ్రాగన్స్ (పాత్రలు ధరించి పాచికలతో ఆడే కథల ఆట) ఆడే గదిలోనైనా, శ్రీకాకుళం మిత్రుల ఇంట్లోనైనా ఆట ఆగిపోయేది ఒక్కచోటే. మాంత్రికుడు "మంత్రం వేశా" అంటాడు. ఎదుటివాడు "వేసేలోపు బాణం కొట్టా" అంటాడు. ఇక అరగంట గొడవ, టీ చల్లారిపోతుంది. ఏది ముందు జరిగిందో తేల్చే పద్ధతి తెలిస్తే ఇది ఒక్క నిమిషం పని. కింద చెప్పేదంతా ఆ ఆట ఐదో ఎడిషన్ (నియమాల పుస్తకం ఐదో రూపం) లెక్క.

కావలసినవి: పాచికల సెట్టు, కాగితం, పెన్సిలు, గుప్పెడు చింతపిక్కలు. మురీ మిక్చర్ పొట్లం పాచికలకు దూరంగా పెట్టండి. వేశాక కూడా మనసు దానిమీదే పెట్టి ఏకాగ్రత నిలపాల్సిన మంత్రం ఎవరు వేసినా వాళ్ల కాగితం మీద ఒక పిక్క ఉండాలి. మంత్రం పోతే పిక్క తీసేయాలి. పిక్కలకు బదులు పలాస జీడిపప్పు పెడతామంటే ఒప్పుకోవద్దు. రెండో రౌండుకల్లా గుర్తులన్నీ కడుపులోకి పోతాయి.

1. ఏ పుస్తకమో ముందే చెప్పండి

1989 నాటి రెండో ఎడిషన్‌లో మంత్రం పూర్తయ్యేలోపు దెబ్బ తగిలితే మంత్రం పోయినట్టే, పాచిక వేసే అవకాశం కూడా లేదు. 2000లో వచ్చిన మూడో ఎడిషన్‌లో 10కి తగిలిన దెబ్బ, మంత్రం స్థాయి కలిపి, ఇరవై ముఖాల పాచికకు తమ నైపుణ్యం కలుపుకుని ఆ అంకెను అందుకోవాలి. ఆ పద్ధతే అసలైన యుద్ధంలా ఉంటుందని మా వాళ్లలో ఒకరిద్దరు ఇప్పటికీ వాదిస్తారు. 20 దెబ్బ తిన్నవాడు మూడో స్థాయి మంత్రం నిలబెట్టుకోవాలంటే 33 రావాలి. అంతకంటే ఆ మాంత్రికుడు కర్ర పట్టుకుని కొట్టడం నయం. 2014 ఐదో ఎడిషన్ ఈ బాధ తగ్గించింది. ఏదైనా ఆడండి కానీ, మూడూ కలిపి ఆడకండి.

2. మంత్రం పేరు అప్పుడే చెప్పనివ్వకండి

"మంత్రం వేస్తున్నా" అనాలి, ఒక్క క్షణం ఆగాలి. ఎవరైనా అడ్డుపడతారా అని డీఎం అడగాలి. ఎవరూ పలకకపోతే అప్పుడు పేరు, ఆ తర్వాత పాచిక. ఇది మా పద్ధతి, మీరూ ఇలాగే చేయాలి. పాచిక శబ్దం విన్నాక "ఆగు, కౌంటర్‌స్పెల్" (ఎదుటివాడి మంత్రాన్ని ఆపే మంత్రం) అంటే చెల్లదు. పాచిక దొర్లుతుండగా కరెంటు పోతే ఫోను లైటు వేసి పడింది చూడండి, మళ్లీ వేయనివ్వకండి.

3. బాణమా, కౌంటర్‌స్పెలా?

అందరూ తప్పు చేసేది ఇక్కడే. అందుకే నిదానంగా చదవండి.

విలుకాడు తన వంతులో "ఆ మాంత్రికుడు నోరు విప్పగానే కొడతా" అని రెడీ యాక్షన్ (ఫలానాది జరిగితే చేస్తానని ఆపి ఉంచుకున్న పని) పెట్టుకుని కూర్చుంటాడు. మాంత్రికుడు మొదలుపెట్టగానే బాణం వదులుతాడు, తగులుతుంది, మంత్రం తెగిపోయిందని అందరూ చప్పట్లు కొడతారు. తెగలేదు. రెడీ పెట్టుకున్న పని, దానికి కారణమైన పని ముగిశాకే జరుగుతుంది. అంటే మంత్రం ముందు, బాణం తర్వాత.

"నేను చెప్పింది నోరు విప్పడం గురించి, మంత్రం పూర్తవడం గురించి కాదు" అని లాయరులా వాదించేవాడు ప్రతి జట్టులోనూ ఒకడుంటాడు. సరే, బాణం ముందే తగిలిందనుకుందాం. అయినా ఒక్క యాక్షన్‌లో (ఒక వంతులో చేసే ప్రధానమైన పని) వేసే మంత్రాన్ని దెబ్బ తెంపుతుందని ఈ ఎడిషన్‌లో ఎక్కడా లేదు. పాత ఎడిషన్ల అలవాటు కొద్దీ అలా అనుకుంటాం. ఒకసారి ఒప్పుకుంటే ఇక ప్రతి గోబ్లిన్ విల్లు ఎక్కుపెట్టి కూర్చుంటుంది, మాంత్రికుడు ఆడేవాడు వచ్చే ఆదివారం రాడు.

వేస్తుండగా తెంపేది కౌంటర్‌స్పెల్. వేసేవాడు కంటికి కనిపించాలి, 60 అడుగుల లోపల ఉండాలి, అడ్డుపడేవాడికి రియాక్షన్ (ఇతరుల వంతులో అప్పటికప్పుడు చేయగల ఒక్క పని) మిగిలి ఉండాలి. 2014 పుస్తకంలో మూడో స్థాయి లేదా అంతకు తక్కువ మంత్రమైతే దానంతటదే ఆగిపోతుంది. పైస్థాయిదైతే అడ్డుపడేవాడు పాచిక వేసి 10కి ఆ స్థాయి కలిపిన అంకెను అందుకోవాలి. మంత్రం ఆగితే స్లాటూ (ఇన్ని మంత్రాలేనని ఉండే లెక్కలో ఒకటి) పోతుంది. 2024 సవరణలో మంత్రం వేసేవాడే కాన్‌స్టిట్యూషన్ సేవ్ (దేహదార్ఢ్యంతో తట్టుకోడానికి వేసే పాచిక) వేస్తాడు. ఓడితే యాక్షన్ వృథా అవుతుంది కానీ స్లాటు మిగులుతుంది. నాకు కొత్తదే నచ్చింది, మంత్రం ఆగినవాడు మరీ మొహం మాడ్చుకోడు.

4. వేసేసిన మంత్రం నిలుస్తుందా?

వేశాక ఏకాగ్రతతో నిలుపుతున్న మంత్రాన్ని మాత్రం దెబ్బ తెంపగలదు. 10, లేదా తగిలిన దెబ్బలో సగం, ఏది ఎక్కువైతే దాన్ని కాన్‌స్టిట్యూషన్ సేవ్‌తో అందుకోవాలి. ఫైర్‌బాల్ (నిప్పుల బంతి మంత్రం) లాంటిదైతే ముందు డెక్స్టెరిటీ (చురుకుదనం) సేవ్‌తో దెబ్బ ఎంత తగ్గిందో తేల్చి, మిగిలినదాన్నే సగం చేయండి.

దెబ్బలు కలపకండి. ఒకే రాక్షసుడు ఒక వంతులో 14, 12 కొట్టాడు. కలిపి 26, సగం 13, ఒక్కసారి వేస్తే చాలని డీఎంలు తొందరపడతారు. నిజానికి 10 మీద రెండుసార్లు వేయాలి. సేవ్‌కు +2 కలిసేవాడికి 13 మీద ఒక్కసారి గెలిచే అవకాశం 50 శాతం. 10 మీద రెండుసార్లూ గెలిచేది సుమారు 42 శాతమే. తొందరలో కలిపితే మాంత్రికుడికి దొడ్డిదారిన లాభం చేసినట్టు.

స్పృహ తప్పినా, ఏకాగ్రత కావలసిన రెండో మంత్రం వేసినా మొదటిది పోతుంది. దానికి పాచిక లేదు, పిక్క తీసేయడమే.

5. నిమిషం, ఆపైన పట్టే మంత్రాలు

ఇవి నికుంభిలలో ఇంద్రజిత్తు హోమం లాంటివి, పూర్తికాకముందే వచ్చి చెడగొట్టొచ్చు. పూర్తయ్యేదాకా ప్రతి వంతులో యాక్షన్ దీనికే పెట్టాలి, ఏకాగ్రతా నిలపాలి. దెబ్బ తగిలితే నాలుగో మెట్టులో చెప్పిన సేవే. ఓడితే మంత్రం పోతుంది, స్లాటు పోదు. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. రెడీ పెట్టుకున్న మంత్రం దీనికి సరిగ్గా వ్యతిరేకం. పట్టుకుని కూర్చున్న సమయంలో ఏకాగ్రత తెగితే స్లాటూ పోతుంది. ఈ రెండూ కలగాపులగం చేసేవాళ్లే ఎక్కువ, అందుకే రెడీ పెట్టినవాడి స్లాటును అప్పటికప్పుడే కాగితం మీద కొట్టేయించండి.