పెంపుడు బొద్దింకల డబ్బాకి ఏ జాలీ వెయ్యాలి

బొద్దింకల డబ్బాకి జాలీ కొనేటప్పుడు చాలామంది పెద్ద బొద్దింకని మనసులో పెట్టుకుని కొంటారు. అసలు చూడాల్సింది అప్పుడే పుట్టిన పిల్లని, దానికంటే ముందు బయట నుంచి లోపలికి దూరే చీమని. ఎక్కువగా పెంచే డ్యూబియా జాతి బొద్దింక పిల్ల పుట్టినప్పుడే మూడు నాలుగు మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి కిటికీలకి కొట్టే మామూలు దోమల జాలీ దాన్ని ఆపేస్తుంది. కానీ ఆ జాలీ కన్నం ఒక మిల్లీమీటరు పైచిలుకు ఉంటుంది, మన వంటింట్లో బారులు తీరే సన్న చీమ పొడవే రెండు మిల్లీమీటర్లు, తల ఇంకా చిన్నది, అది ఏ అడ్డూ లేకుండా లోపలికి నడిచిపోతుంది. అప్పుడే కుబుసం విడిచి తెల్లగా, మెత్తగా ఉన్న బొద్దింక చీమలకి దొరికిందంటే తప్పించుకోలేదు.

షాపులో జాలీని నంబరుతో అడగండి. 40 నంబరు అంటే అంగుళానికి 40 కన్నాలు. నంబరు ఒక్కటే చాలదు, తీగ మందం కూడా కావాలి. 25.4 ని నంబరుతో భాగించి అందులోంచి తీగ మందం తీసేస్తే కన్నం ఎంతో మిల్లీమీటర్లలో వస్తుంది. 40 నంబరు జాలీకి తీగ 0.2 మి.మీ. ఉంటే కన్నం దాదాపు 0.43 మి.మీ. నంబరు తెలియదు అంటే స్కేలు పెట్టి ఫోన్‌తో దగ్గరగా ఫొటో తీసి, పెద్దది చేసుకుని ఒక అంగుళంలో తీగలు లెక్కపెట్టుకోండి. విజయనగరం గంటస్తంభం వైపు గానీ శ్రీకాకుళం బజారులో గానీ హార్డ్‌వేర్ షాపులో దొరక్కపోతే పిండిమరల సామాన్లు అమ్మేచోట అడగండి, జల్లెడలకి వేసే స్టీలు జాలీ మనకి సరిగ్గా పనికొస్తుంది. చిన్న డబ్బా అయితే స్టీలు పిండి జల్లెడ కొని అందులోని జాలీ కోసుకున్నా చాలు.

నా మాట అడిగితే 40 నంబరు స్టీలు తీసుకోండి. సన్నగా ఉంటే ఇంకా మంచిదే కదా అని 60కి వెళ్ళొద్దు. 18 నంబరు దోమల జాలీలో గాలి వెళ్ళే ఖాళీ అరవై శాతం పైన ఉంటే, 40లో అది సగం కంటే కొంచెం తక్కువ, 60లో నలభై శాతం లోపే, దాని మీద తవుడు, దాణా పొడి, బొద్దింకల రెట్ట పేరుకుంటే ఆ కాస్తా మూసుకుపోతుంది. సన్న జాలీ వేస్తే డబ్బాకి గాలి కోసం కోసే కిటికీ పెద్దది కోయాలి, ఈ ఒక్క లెక్క మర్చిపోవద్దు. దుమ్ము పట్టినప్పుడు పాత టూత్‌బ్రష్‌తో బయటవైపు నుంచి దులపండి, తడిపితే పొడి ముద్దయి కన్నాల్లో ఇరుక్కుంటుంది.

ఫైబర్, నైలాన్ జాలీలు వద్దు, బొద్దింకలు కొరికేస్తాయి, బయట నుంచి ఎలుక కొరికినా అంతే. జీఐ (జింకు పూత వేసిన ఇనుము) జాలీ తుప్పు పడుతుంది. అల్యూమినియం సముద్రానికి దూరంగా ఉన్న ఊళ్ళలో పర్వాలేదు గానీ కళింగపట్నం, భోగాపురం లాంటి సముద్రం ఒడ్డు ఊళ్ళలో ఉప్పుగాలికి తెల్లగా పొడి లేచి పాడవుతుంది, అక్కడ 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలే వెయ్యండి. కొనేముందు అయస్కాంతం పెట్టి చూడండి. కొద్దిగా అంటితే కంగారు పడొద్దు, తీగగా సాగదీసిన స్టీలుకి ఆ గుణం కొంచెం వస్తుంది. గట్టిగా పట్టేస్తే మాత్రం తీసుకోకండి.

కిటికీలు రెండు ఉండాలి, ఒకవైపు కింద, ఎదురువైపు పైన. వేడెక్కిన గాలి పైనుంచి పోతుంటే కిందనుంచి కొత్త గాలి వస్తుంది. మూతకి మాత్రమే పెడితే ఎవరో దాని మీద ఏదో పెట్టేస్తారు, గాలి ఆగిపోతుంది. చిన్న ఫ్యాను బిగించి దాని మీద ఆధారపడటం కూడా నాకు నచ్చదు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఉద్దానం ఊళ్ళలో ఎన్ని రోజులు కరెంటు లేదో అక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. మా వైపు వానాకాలం తేమకి లోపల దాణా బూజు పట్టి, పిండి చల్లినట్టు సన్నటి తెల్ల నల్లులు (మైట్స్, మంచం నల్లులు కాదు) చేరతాయి. అవి అర మిల్లీమీటరు కూడా ఉండవు, వాటిని ఏ జాలీ ఆపదు, గాలి ఆడి లోపల పొడిగా ఉంటేనే తగ్గుతాయి. డ్యూబియాకి ఇది బాగా వర్తిస్తుంది. దక్షిణ భారతంలోనే పుట్టిన డామినో బొద్దింక, అదే నల్లటి ఒంటి మీద తెల్ల చుక్కలది, దాని సంగతి వేరు. దాని పిల్లలు తడి మట్టిలో, ఎండుటాకుల కింద పెరుగుతాయి కాబట్టి కిటికీలు చిన్నవిగా, మట్టి మట్టానికి పైన ఉండాలి.

ఇక బిగించడం, ఎక్కువ డబ్బాలు చెడేది ఇక్కడే. అమెరికన్ బొద్దింక 3 మి.మీ. సందులోంచి ఒళ్ళు నొక్కుకుని దూరిపోతుందని 2016లో అమెరికాలోని బర్క్‌లీ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు చూపించారు, కాబట్టి జాలీ కన్నం కంటే జాలీ అంచు ముఖ్యం. మడగాస్కర్ హిస్సింగ్ బొద్దింకలైతే నున్నటి ప్లాస్టిక్, గాజు కూడా ఎక్కి నేరుగా అంచు దగ్గరికే వస్తాయి. కోసిన కిటికీ కంటే జాలీ నాలుగువైపులా రెండు సెంటీమీటర్లు ఎక్కువ ఉండాలి. మామూలు ప్లాస్టిక్ డబ్బాలకి సిలికాన్ ఒక్కటే సరిగ్గా అంటదు, కొన్నాళ్ళకి పొరలా ఊడొస్తుంది. చిన్న బోల్టులు, వాషర్లతో బిగించి, సందులకి మాత్రం సిలికాన్ పుయ్యండి. బాత్రూముల కోసం బూజు రాకుండా మందు కలిపినది కాకుండా మామూలుది తీసుకోండి, వెనిగర్ వాసన పూర్తిగా పోయేదాకా బొద్దింకలని వెయ్యొద్దు. కోసిన తీగ అంచులు చేతికి గుచ్చుకుంటాయి, గ్లవ్స్ వేసుకోండి. అంతా అయ్యాక రాత్రి లైట్లు ఆపి, డబ్బాలో టార్చి వెలిగించి మూతపెట్టి చుట్టూ చూడండి, జాలీ కన్నాల్లోంచి కాకుండా అంచులోంచి వెలుగు వస్తుంటే అక్కడ మళ్ళీ పూయాలి.

జాలీ ఎంత మంచిదైనా విషం ఆగదు. దోమల మందు మెషిన్ ఉన్న గదిలో ఈ డబ్బా పెట్టొద్దు, చీమల చాక్‌పీసు డబ్బా చుట్టూ గీయొద్దు, దాని మందు బొద్దింకలకీ విషమే. చీమలకి బల్ల కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టండి. వీధిలోకి పొగ మందు బండి వస్తే డబ్బాని లోపలి గదిలోకి మార్చి తలుపులు వేసి, పైన ప్లాస్టిక్ షీటు కప్పి, పొగ పోయాక వెంటనే తీసెయ్యండి.