సావనదుర్గ ఎక్కినా కాష్ దొరకలేదా? ముందు అంకెల్లో దశాంశ పాయింట్ ఎక్కడ పెట్టారో చూడండి

సమస్య: జియోకాషింగ్ అంటే ఎవరో దాచిన డబ్బాను (కాష్‌ను) లొకేషన్ అంకెలతో వెతికే ఆట. దాని కోసం బెంగళూరు దగ్గరి సావనదుర్గ అనే బండకొండ ఎక్కారు, కానీ ఫోన్‌లో బాణం బండ అంచుకో, కాలు నిలవని వాలుకో తీసుకెళ్తోంది. హింట్‌లో చెప్పిన రాళ్ల గుట్ట అక్కడ లేదు.

అందరూ మొదట జీపీఎస్‌నే తిట్టుకుంటారు. కానీ నెత్తిన ఆకాశం తప్ప ఏ అడ్డూ లేని ఆ బోడి బండ మీద మామూలు ఫోన్ కూడా ఐదారు మీటర్లు అటూ ఇటూగా చూపిస్తుంది. వందల మీటర్లు తప్పిందంటే మీరు కొట్టిన అంకెలే చూసుకోవాలి.

అసలు కారణం: జియోకాషింగ్‌లో లొకేషన్‌ని డిగ్రీలు, దశాంశ నిమిషాల్లో ఇస్తారు. ఉదాహరణకు 12° 55.250′ ఉత్తరం. ఇక్కడ పాయింట్ తర్వాతున్నవి సెకన్లు కావు, నిమిషంలో భాగం. పావు నిమిషం, అంటే 15 సెకన్లు. దాన్ని 55 నిమిషాల 25.0 సెకన్లని కొడితే పది సెకన్లు ఎక్కువైనట్టే, నేల మీద సుమారు 300 మీటర్లు. పిన్ అదే కొండ మీదో పక్కనో పడుతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు, అందుకే ఇది ఇంతగా ముంచుతుంది. వేరే ఊళ్లో పడితే ఇంట్లోనే తెలిసిపోయేది కదా! పాయింట్ తర్వాత 600 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే సెకన్లు అరవై లేదా ఆపైన అయి యాప్ సాధారణంగా ఒప్పుకోదు, తక్కువుంటే నోరెత్తదు. ఇంకో గుర్తు, మన దేశంలో ఈ తప్పు ఎప్పుడూ ఉత్తరానికీ తూర్పుకే జరుగుతుంది. బాణం పదే పదే ఈశాన్యానికి లాగుతుంటే ఇదే అనుకోండి.

పరిష్కారం: మ్యాప్‌లో 12 55.250 అని మధ్యలో ఖాళీ వదిలి, పాయింట్‌ను కదపకుండా కొట్టండి. చేతి జీపీఎస్ అయితే సెట్టింగ్స్‌లో నిమిషాలకు మూడు దశాంశ స్థానాలున్న ఫార్మాట్, డేటమ్ (లొకేషన్ లెక్కకు ఆధారమైన భూమి నమూనా) డబ్ల్యూజీఎస్ 84 పెట్టండి. బెంగళూరులో బయల్దేరక ముందే శాటిలైట్ వ్యూలో పిన్ ఎక్కడ పడిందో చూడండి, దయచేసి. తడి గ్రానైట్ మీద లేని డబ్బా కోసం అంచుల దాకా వెళ్లే వాళ్లను చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది.

బాణం గిరగిరా తిరుగుతుంటే అయస్కాంతమున్న ఫోన్ కవర్ తీసి, ఫోన్‌ను గాల్లో ఎనిమిది అంకెలా తిప్పండి. కాష్ పేజీలో వెతికినవాళ్లు రాసే లాగ్‌లో చివరివన్నీ డీఎన్ఎఫ్‌లే (దొరకలేదన్న నమోదులే) ఉంటే డబ్బా పోయుండొచ్చు, మీరూ ఒక డీఎన్ఎఫ్ రాసి వచ్చేయండి. శాటిలైట్ల గోల, సౌర తుపాన్ల సంగతి వదిలేయండి, వాటి వల్ల వందల మీటర్లు తేడా రావడం దాదాపు జరగదు.