పటం చదవడం నేర్చుకుందాం – 5: కదిలే తీరరేఖ

పోయిన పాఠంలో సమోన్నత రేఖలను బట్టి కొండనూ లోయనూ గుర్తుపట్టాం. కొండ ఉన్నచోటే ఉంటుంది కాబట్టి ఆ పని సులువుగానే అయింది. ఈసారి తీరమే జరిగిపోయే చోటికి వెళదాం. ఆర్కిటిక్‌లోని స్వాల్‌బార్డ్ దీవుల్లో, దాదాపు 79 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, 20 కిలోమీటర్లకు పైగా పొడవున్న కాంగ్స్‌ఫ్యోర్డెన్ ఉంది. హిమానీనదం తొలిచిన లోయలోకి సముద్రం చొరబడితే దాన్ని ఫ్యోర్డ్ అంటారు. నార్వే ధ్రువ సంస్థ వారి ‘టోపోస్వాల్‌బార్డ్’ పటం ఉచితంగా దొరుకుతుంది. దాన్ని ముందు పెట్టుకుని ఈ పాఠం చదవండి.

మొదట ఉత్తరపు ఒడ్డు దగ్గర బ్లోమ్‌స్ట్రాండ్‌హాల్వోయా అనే పేరు వెతకండి. నార్వే భాషలో ‘హాల్వోయా’ అంటే ద్వీపకల్పం. కానీ పటంలో దాని చుట్టూ నీళ్లే కనిపిస్తాయి. పేరు పెట్టిన నాటికి వెనకనున్న హిమానీనదం దాన్ని ప్రధాన భూభాగంతో కలిపి ఉంచింది. ఆ మంచు వెనక్కి తగ్గి, 1990లలో మధ్యన జలసంధి తెరుచుకుంది. ద్వీపకల్పం దీవి అయింది, పేరు మాత్రం మారలేదు. అందుకే హిమానీనదం ఉన్న పటంలో తీరరేఖను నమ్మే ముందు, ఆ పటం ఏ ఏటిదో చూడండి. నా దృష్టిలో ఈ పాఠంలో దీనికి మించిన అలవాటు లేదు.

ఇప్పుడు ఆగ్నేయంగా ఫ్యోర్డ్ లోపలి కొసకు రండి. అక్కడ రెండు హిమానీనదాలు ఒకే ముఖంతో సముద్రంలో కలుస్తాయి. ఉత్తరాన ఉన్నది క్రోనెబ్రేన్, దక్షిణాన ఉన్నది కాంగ్స్‌వేగెన్, అంటే రాజమార్గం. ఉపగ్రహ చిత్రానికి మారి పెద్దది చేసి చూడండి. రెంటి నడుమ నల్లని చార కనిపిస్తుంది. అది మంచు మోసుకొచ్చిన రాళ్లూ మట్టీ, అంటే మధ్య మొరైన్. చారకు ఉత్తరాన మంచు ఎండాకాలపు చెరువు అడుగులా నెర్రెలు విచ్చి ఉంటుంది. దక్షిణాన చాలా మేర నునుపుగా ఉంటుంది. క్రోనెబ్రేన్ స్వాల్‌బార్డ్‌లోని అతి వేగవంతమైన హిమానీనదాల్లో ఒకటి. వేసవిలో రోజుకు 2 మీటర్లకు పైగా కదిలిన సందర్భాలున్నాయి. ముందున్న మంచు వెనకటి దానికన్నా వేగంగా జారితే మధ్యలో సాగి చీలిపోతుంది. కాంగ్స్‌వేగెన్ 1948 ప్రాంతంలో ఒక్కసారిగా ముందుకు దూకింది. ఆ తరువాత దశాబ్దాల తరబడి ఏడాదికి కొన్ని మీటర్లే కదిలింది. కాబట్టి చిత్రంలో నెర్రెలు కనబడితే ముందుగా వేగాన్ని అనుమానించండి.

వేసవి చిత్రంలో మంచు ముఖం ముందు నీళ్లు ఎర్రగా ఉంటాయి. కరిగిన నీరు హిమానీనదం అడుగు నుంచి బురదతో బయటపడుతుంది. మంచినీరు ఉప్పునీటి కంటే తేలిక గనుక పైకి ఉబుకుతుంది. దానితోపాటు పైకొచ్చే చిన్న ప్రాణుల కోసం కిట్టివేక్ పక్షులు గుంపులుగా వాలతాయి. ఆ ఎర్రటి అంచును ఒడ్డు అనుకోకండి, అది నీరే.

దక్షిణపు ఒడ్డున నీ-ఆలెసుండ్ ఉంది. మన దేశపు ‘హిమాద్రి’ పరిశోధన కేంద్రం 2008 నుంచి అక్కడే పనిచేస్తోంది. ఈ ఫ్యోర్డ్ ముఖద్వారంలో నీటిని ఆపే ఎత్తైన గట్టు లేదు. అందువల్ల అట్లాంటిక్ వెచ్చని నీరు లోపలిదాకా వస్తుంది. ఆ నీటి వేడినీ ఉప్పదనాన్నీ కొలవడానికి భారత శాస్త్రవేత్తలు 2014 జూలైలో 192 మీటర్ల లోతున ‘ఇండార్క్’ పరికరాన్ని దించారు.

అభ్యాసం: ఇదే పటంలో 1936లో విమానం నుంచి తీసిన పాత ఫొటోలు ఉన్నాయి. క్రోనెబ్రేన్ ముందున్నది ఒకటి తెరవండి. కదలని కొండకొన ఒకదాన్ని గుర్తు పెట్టుకుని, మంచు ముఖం అప్పుడు ఎక్కడుందో, ఇప్పటి చిత్రంలో ఎక్కడుందో కాగితం మీద రెండు గీతలు గీయండి. పక్కన సంవత్సరాలు రాయడం మరవకండి. ఆ కాగితం దాచి ఉంచండి, వచ్చే పాఠంలో లోతు రేఖలు గీసేది దాని మీదే.