నాలుగు డజన్ల మఫిన్లను ఒక డజనుకి దించడం

ముప్పై ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఏటా ఎనిమిదో తరగతికి త్రైరాశికం చెబుతుంటే, వెనక బెంచీల్లోంచి ఎవరో ఒకరు "ఇది దేనికి పనికొస్తాదండీ మేడమ్" అని అడిగేవారు. దానికి నా దగ్గర సరైన జవాబు ఉండేది కాదు. ఇప్పుడుంది. మఫిన్లకి పనికొస్తుంది, అదే, చిన్న కప్పు కేకులకి.

అమెరికాలో మా అమ్మాయి దగ్గర ఉన్నప్పుడు, వాళ్ల ఊరి లైబ్రరీవాళ్లు పాత పుస్తకాల్ని అట్టపెట్టెల్లో వేసి అమ్ముతుంటే డాలరిచ్చి ఒక వంటల పుస్తకం కొన్నాను. రోడ్డు పక్కనుండే ఒక హోటల్‌వాళ్లు తమ వంటలన్నీ కలిపి అచ్చు వేయించుకున్నది. అట్టా, మొదటి నాలుగు పేజీలూ ఎప్పుడో ఊడిపోయాయి. అందులో 'ఆటమ్ మఫిన్స్' అన్న పేజీకి అన్నిటికన్నా ఎక్కువ వెన్న మరకలున్నాయి. అది చూసే కొన్నాను. ఏ ఇంటి వంటపుస్తకంలోనైనా మరకలున్న పేజీలో వంట తినేలా ఉంటుంది.

ఆటమ్ అంటే వాళ్లకి ఆకులు రాలే కాలం. శ్రీకాకుళంలో మనకి ఆ నెలల్లో ఆకులు రాలవు, కొమ్మలే విరిగిపడతాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని పడుకోబెట్టేసిన సంగతి ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు. అయినా ఈ వంటకి కావలసినవన్నీ సరిగ్గా ఈ కాలంలోనే దొరుకుతాయి. గుమ్మడికాయలు వస్తాయి, బండ్ల మీద సిమ్లా ఆపిల్స్ దిగుతాయి. వాల్‌నట్లకు బదులు మనకి పలాస జీడిపప్పు ఉండనే ఉంది.

ఇక లెక్క. పుస్తకంలో కొలతలు 4 డజన్లకి ఉన్నాయి. అంటే అన్నిటినీ నాలుగుతో భాగించాలి. అది సులువే. చిక్కంతా కప్పుల దగ్గర. అమెరికా కప్పు అంటే సుమారు 240 మి.లీ. మనింట్లో టీ తాగే కప్పుకీ దానికీ సంబంధం లేదు. వాళ్ల పెద్ద చెంచా 15 మి.లీ., చిన్న చెంచా 5 మి.లీ. పైగా మైదాని గుచ్చి నింపితే ఒక బరువు, చెంచాతో వదులుగా పోస్తే ఇంకో బరువు. అందుకే నేను ఒక్కసారి కూర్చుని మొత్తం గ్రాముల్లోకి మార్చేసుకున్నాను. చిన్న ఎలక్ట్రానిక్ కాటా ఒకటి కొనుక్కోండి, ఓవెన్ కన్నా ముందు అదే ముఖ్యం.

పన్నెండు మఫిన్లకి నా లెక్క ఇది, చెంచా అంటే ఇక్కడ చిన్న చెంచాయే. మైదా 220 గ్రాములు. బేకింగ్ పౌడర్ ఒకటిన్నర చిన్న చెంచా, వంటసోడా అర చెంచా. దాల్చినచెక్క పొడి ఒకటిన్నర చెంచా, శొంఠి అర చెంచా, జాజికాయ అరగదీసింది పావు చెంచా. కరిగించిన వెన్న 100 గ్రాములు. గుడ్లు 2. గుమ్మడి గుజ్జు 205 గ్రాములు. బెల్లం 160 గ్రాములు. గట్టి పెరుగు 60 గ్రాములు. చిన్న ఆపిల్ ఒకటి, జీడిపప్పు బద్దలు ఒక గుప్పెడు, కిస్మిస్ ఒక గుప్పెడు. ఉప్పు పుస్తకం లెక్కన అర చెంచా పడాలి గానీ మనకి దొరికే పాకెట్ వెన్నలో ఉప్పు ముందే ఉంటుంది కాబట్టి చిటికెడు చాలు.

లవంగం పుస్తకం ప్రకారం పావు చెంచా. కానీ ఆ పేజీ అంచున ఎవరో పెన్సిల్‌తో 'సగమే' అని రాసి కింద రెండు గీతలు గీశారు. ఆ మనిషి ఎవరోగానీ చెప్పింది నిజం. మొదటిసారి నేను పుస్తకాన్నే నమ్మి పావు చెంచా వేశాను, తింటుంటే పంటి నొప్పికి లవంగ నూనె పెట్టుకున్నట్టు ఉంది. ఇప్పుడు రెండు లవంగాలు దంచి వేస్తున్నాను, అంతే.

గుమ్మడి దగ్గర ఆ పుస్తకం నన్ను రెండు రోజులు ఆపింది. 'పంప్కిన్, నంబర్ రెండున్నర డబ్బా ఒకటి' అని ఉంది. కాయ నంబరా, కొట్టు నంబరా అర్థం కాలేదు. తీరా చూస్తే అది వాళ్ల పాత డబ్బాల సైజు పేరు. నంబర్ రెండున్నర డబ్బా అంటే 29 ఔన్సులది, మూడున్నర కప్పులు పడుతుంది. గ్రాముల్లో 822. నాలుగుతో భాగిస్తే 205 చిల్లర. పాత అమెరికా పుస్తకాల్లో టమాటాలకీ పళ్లకీ కూడా ఈ డబ్బా నంబర్లే ఉంటాయి, కనబడితే కంగారు పడకండి.

అయితే డబ్బాలో గుజ్జు గట్టిగా ముద్దలా ఉంటుంది. మన గుమ్మడి అలా ఉండదు, ఉడికితే నీళ్లు వదులుతుంది. నా మొదటి వాయి అక్కడే పోయింది. పైన మఫిన్, కింద హల్వా. మా ఆయన చెంచా తెచ్చుకుని తిన్నారు.

కాబట్టి గుజ్జు చేసే పద్ధతి కాస్త వివరంగా చెబుతాను. రైతుబజార్లో కోసిన ముక్క ముప్పావు కిలో తెచ్చుకుంటే సరిపోయి ఇంకా మిగులుతుంది. లోపల బాగా ఎర్రగా, కండ మందంగా ఉన్నది తీసుకోండి. లేత పసుపు ముక్కల్లో నీరే ఎక్కువ. (మొత్తం కాయ తెచ్చుకుంటే మాత్రం మొదటి దెబ్బ మగవాళ్లే వెయ్యాలని మా అత్తగారి పట్టింపు. ఆవిడ పోయి పదేళ్లయినా మా ఇంట్లో ఆ పని ఇప్పటికీ మా ఆయనదే. ఒక దెబ్బ వేసి, తర్వాత వంటంతా తనే చేసినట్టు పేపర్ చదువుకుంటారు.) చెక్కు తీసి, పెద్ద ముక్కలు కోసి ఇడ్లీ పాత్రలో ఆవిరి మీద ఉడికించండి. నీళ్లలో వేసి ఉడికించొద్దు. చల్లారాక పల్చటి గుడ్డలో మూటకట్టి, పంపుకి గంటసేపు వేలాడదీయండి. పిండాల్సిన పని లేదు, దానంతటదే కారుతుంది. అప్పుడు మెదిపి, మూకుట్లో సన్నని సెగ మీద పెట్టి, గరిటెతో అడుగున ఒక గీత గియ్యండి. గీత వెంటనే మూసుకుపోతే ఇంకా నీరుందని. రెండు మూడు లెక్కపెట్టేదాకా మూకుడు అడుగు కనబడుతూ ఉంటే అయిపోయినట్టు. ఈ గీత పరీక్ష ఒక్కటీ చేస్తే మిగతాదంతా దారిలో పడుతుంది. తూకం ఆ తర్వాతే, ముందు కాదు.

ఆ వేడి గుజ్జులోనే తరిగిన బెల్లం వేసేయండి. నీళ్లు చుక్క కూడా పోయకుండా కరిగిపోతుంది. చిల్లుల జల్లెడలో వేసి గరిటెతో రుద్దితే ఇసుకా, చెరకు పీచూ పైనే ఉండిపోతాయి. పుస్తకం లెక్కన బ్రౌన్ షుగర్ డజనుకి ఒక కప్పు పడుతుంది, అంటే రెండొందల గ్రాములు దాటుతుంది. మన నాలుకకి అది ఎక్కువే, 160 చాలు. బెల్లం ముదురు రంగుది అయితే వాసన బాగుంటుంది. ఒకసారి కొట్టులో నల్లబెల్లం అడిగితే అతను నన్ను ఎగాదిగా చూసి, "మీకెందుకు టీచరుగారూ?" అన్నాడు. ఆ బెల్లంతో సారా కాస్తారన్న సంగతి నాకు ఇంటికొచ్చాక వెలిగింది. ముదురు గోధుమరంగు బెల్లం అని అడగండి.

పుస్తకంలో బటర్‌మిల్క్ అని ఉన్నదాన్ని మజ్జిగ అనుకుని మజ్జిగ పోశారో, మళ్లీ హల్వాయే. వాళ్లది చిక్కగా, పుల్లగా ఉంటుంది. మనకి దగ్గర్లో ఉన్నది ఒక రోజు పులిసిన గట్టి పెరుగు. ఆ పులుపు ఉంటేనే వంటసోడా పొంగుతుంది. తియ్యటి పెరుగు వేస్తే సోడా పనిచేయక మఫిన్ సబ్బు వాసన వేస్తుంది.

కలపడానికి ముందే ఓవెన్ పెట్టేయండి. పుస్తకంలో డిగ్రీలు లేవు, 'హాట్ ఓవెన్' అని మాత్రమే ఉంది. పాత పుస్తకాల భాషలో స్లో అంటే 300 నుంచి 325 ఫారన్‌హీట్, మోడరేట్ అంటే 350 నుంచి 375, హాట్ అంటే 400 నుంచి 450. నాలుగొందల ఫారన్‌హీట్ అంటే మనకి 204 సెల్సియస్. మన ఇళ్లలో వాడే చిన్న కరెంటు ఓవెన్‌లో, అంటే ఓటీజీలో, రాడ్లు దగ్గరగా ఉంటాయి కాబట్టి నేను అంత వేడి మొదట్లోనే ఇస్తాను. రెండు రాడ్లూ వేసి 200 దగ్గర పావుగంట వేడి చేసి, ట్రే పెట్టాక ఏడు నిమిషాలు అలాగే ఉంచి, తర్వాత 180కి దించుతాను. మొదటి వేడికి నెత్తి పొంగుతుంది, తర్వాతి వేడికి లోపల ఉడుకుతుంది.

కలపడం రెండు నిమిషాల పని, అందులోనే చాలామంది పాడుచేస్తారు. మైదా, పౌడర్, సోడా, ఉప్పు, మసాలాలు కలిపి రెండుసార్లు జల్లించండి. ఇంకో గిన్నెలో గుడ్లు గిలకొట్టి, పెరుగు, వెన్న, చల్లారిన గుమ్మడి బెల్లం వేసి కలపండి. గుజ్జు వేడిగా ఉండగానే గుడ్లలో పోస్తే గుడ్డు పొరటు అవుతుంది, జాగ్రత్త. తడిదాన్ని పొడిదాంట్లో పోసి, గరిటెతో అడుగునుంచి పైకి మడుస్తూ పది పన్నెండుసార్లు తిప్పండి. పొడి మైదా కనబడకపోతే చాలు. ఉండలున్నా పట్టించుకోకండి. మనకి చిన్నప్పట్నుంచీ పిండి ఎంత గిలక్కొడితే గారె అంత గుల్లగా వస్తుందని నేర్పారు కదా, చెయ్యి ఆగదు. ఇక్కడ ఆగాలి. మినప్పప్పులో లేని సాగే జిగురు (గ్లూటెన్) మైదాలో ఉంది. ఎక్కువ తిప్పితే అది సాగి, మఫిన్ రబ్బరులా అయి లోపల చీమల పుట్టలా సొరంగాలు పడతాయి. పిండి బూరెల తోపు కన్నా గట్టిగా, గారెల పిండి కన్నా జారుగా ఉండాలి. చివర్లో ఆపిల్ ముక్కలు, జీడిపప్పు, కిస్మిస్ వేసి రెండు తిప్పులు తిప్పండి.

నా ట్రేలో ఆరే గుంటలు. కాగితం కప్పులు పెట్టి ముప్పావు వంతు నింపుతాను. మిగిలిన సగం పిండి ఫ్రిజ్‌లో పెట్టి రెండో వాయి వేస్తాను, పెద్ద తేడా రాదు. మొత్తం 20 నుంచి 22 నిమిషాలు పడుతుంది. కొబ్బరి ఈనె కడిగి తుడిచి మధ్యలో గుచ్చితే పిండి అంటకుండా రావాలి. గుమ్మడి తడి కాస్త అంటుతుంది, దానికి భయపడి ఇంకో పది నిమిషాలు ఉంచకండి.

కరెంటు పోతే? పోతుంది, అక్టోబరు కదా. పన్నెండో నిమిషం దాటాక పోతే తలుపు తియ్యకుండా అలాగే వదిలేయండి, ఉన్న వేడికి చాలావరకు ఉడికిపోతాయి. ట్రే పెట్టకముందే పోతే పిండిని నూనె రాసిన ఇడ్లీ రేకుల్లో పోసి ఆవిరి పట్టండి. మెత్తగా, తియ్యగా, గోధుమరంగులో వస్తాయి. బాగానే ఉంటాయి గానీ వాటిని మఫిన్లని పిలవలేం.

ఇంకో చిక్కు కార్తీకమాసం. ఆకులు రాలే కాలపు వంటలో గుడ్డు ఉంది, మా వీధిలో సగం ఇళ్లలో ఆ నెలంతా గుడ్డు ముట్టరు. నేను దసరాకీ దీపావళికీ మధ్యలో గుడ్లతో చేసేస్తాను. కార్తీకంలో చెయ్యాల్సి వస్తే రెండు గుడ్లకి బదులు ఇంకో 100 గ్రాముల గట్టి పెరుగు వేస్తాను. నెత్తి అంత పొంగదు, కాస్త బరువుగా ఉంటుంది. గుమ్మడి పట్టి ఉంచుతుంది కాబట్టి విరిగిపోదు. పక్కింటి పాప తల్లి అలా చేసినవాటిలో ఒకటి తిని, "ఏటండీ ఇందులో గుమ్మడికాయా? తెలీనే తెలీదు" అంది. ఆవిడకి గుమ్మడి అంటే గిట్టదు, నాకు ముందే తెలుసు, అందుకే తిన్నాకే చెప్పాను.

దించాక ఐదు నిమిషాలు ట్రేలో ఉంచి, తర్వాత జాలీ మీదకి తీయండి. ట్రేలోనే వదిలేస్తే అడుగు చెమ్మ పడుతుంది. వేడివేడిగా తింటే మసాలా ఒక్కటే తెలుస్తుంది. మర్నాడు బెల్లం, జాజికాయ కలిసి అసలు రుచి వస్తుంది. కానీ మన గాలిలో తేమ ఎక్కువ, బెల్లానికి తేమ పీల్చే గుణం ఉంది. బయట పెడితే రెండో రోజుకి నెత్తి జిగురు పడుతుంది. డబ్బా అడుగున, పైన టిష్యూ కాగితం పరిచి ఫ్రిజ్‌లో పెట్టండి, నాలుగు రోజులు ఉంటాయి. తినేముందు అడ్డంగా కోసి, పెనం మీద కోసినవైపు పెట్టి ఎర్రగా కాల్చండి. మిగిలిన గుమ్మడి ముక్క మాత్రం ఆ రాత్రికే పులుసులో వేసేయండి, చెక్కు తీసింది మర్నాటికి నీరుకారిపోతుంది.