ఫ్రంట్ లోడ్ మిషన్‌లో గుడ్డ డైపర్లు ఉతికే పద్ధతి

ఫ్రంట్ లోడ్ మిషన్ నీళ్ల దగ్గర మహా పిసినారి. బట్టలు మునిగేంత నీళ్లు పట్టదు. అడుగున కొద్దిగా నీళ్లు పెట్టుకుని, డ్రమ్ము తిరుగుతున్నప్పుడు బట్టల్ని పైకెత్తి కింద పడేస్తూ ఉతుకుతుంది. చొక్కాలకూ దుప్పట్లకూ అది సరిపోతుంది. రాత్రంతా ఉచ్చ పీల్చుకున్న మందపాటి ఇన్సర్ట్‌కి (డైపర్ లోపల పెట్టే, తడి పీల్చే గుడ్డకి) మాత్రం సరిపోదు, ఆ కొద్ది నీళ్లే ఉచ్చనీళ్లవుతాయి. అందుకే డైపర్లను ఒక్కసారి ఉతికితే కుదరదు. మొదటి ఉతుకు మురికి నీళ్లు బయటికి పోవడానికి, అసలు ఉతుకు రెండోది.

డైపర్ విప్పగానే లోపలి ఇన్సర్ట్ బయటికి లాగండి. పాకెట్‌లోనే వదిలేస్తే అది మడతపడి ఉండిపోతుంది, డిటర్జెంట్ లోపలికి చేరదు. వెల్క్రో ఉంటే అంటించి వేయాలి, లేకపోతే అన్నీ ఒకదానికొకటి పట్టుకుని దండలా బయటికొస్తాయి. తల్లిపాలు మాత్రమే తాగే పిల్లల దొడ్డి నీళ్లలో కరిగిపోతుంది కాబట్టి పెద్ద ఇబ్బంది లేదు. ఉగ్గు, అన్నం మొదలయ్యాక మాత్రం దొడ్డిని కమోడ్‌లో దులిపి, మిగిలింది హెల్త్ ఫాసెట్‌తో పైనుంచి కిందికి కొట్టాలి. విదేశాల్లో దీనికోసం ప్రత్యేకంగా డైపర్ స్ప్రేయర్ కొని బిగించుకుంటారు. మన బాత్రూముల్లో అది ముందే ఉంది.

రాత్రి డైపర్‌ని తెల్లారగానే కుళాయి కింద పెట్టి, పిండితే తేట నీళ్లు వచ్చేదాకా జాడించాలి. అమోనియా వాసనకు మొదలు ఈ రాత్రి డైపర్లే. తర్వాత చిల్లుల బుట్టలో గాలి తగిలేలా వేసి ఉంచండి. బకెట్ నీళ్లలో నానబెట్టడం పొత్తిగుడ్డల రోజుల అలవాటు. ఇప్పటి డైపర్ల ఎలాస్టిక్, తడి బయటికి రాకుండా ఆపే పీయూఎల్ పొర రోజుల తరబడి నానితే పాడవుతాయి. పైగా పాకే బిడ్డ ఉన్న ఇంట్లో నీళ్లున్న బకెట్ నేల మీద పెట్టడమే ప్రమాదం. రెండు రోజులకోసారి ఉతకండి. ఎండాకాలంలో మూడో రోజు దాకా ఆగొద్దు.

మొదటి ఉతుకు: చన్నీళ్లు లేదా 30 డిగ్రీలు, 30 నుంచి 45 నిమిషాల ప్రోగ్రామ్, చివర స్పిన్. పౌడర్ మామూలు కొలతలో సగం. ఇక్కడే వేడి నీళ్లు పెడితే దొడ్డి మరకలు గట్టిపడతాయి. మిషన్‌లో ప్రీవాష్ బటన్ ఉన్నా, దీన్ని విడిగా నడపడమే మంచిది. ఎందుకంటే మధ్యలో తలుపు తెరవాల్సిన పని ఉంది. స్పిన్ అయ్యాక ఇన్సర్ట్‌లు డ్రమ్ము గోడకు చక్రంలా అతుక్కుని ఉంటాయి. వాటిని చేత్తో ఊడదీసి, విదిలించి, మధ్యలోకి వేయాలి.

ఇప్పుడు డ్రమ్ములోకి చూడండి. తడి బట్టలు ముప్పావు భాగం రావాలి. తక్కువుంటే పిల్లల చొక్కాలు, చిన్న తువాళ్లు కలపండి. దుప్పటి, పెద్ద టవల్ వేస్తే డైపర్లను చుట్టేసుకుంటాయి. ముప్పావుకు మించితే బట్టలు కింద పడే జాగా ఉండదు. సగానికి తగ్గితే పక్కపక్కనే జారుతుంటాయి, ఒకదాన్నొకటి రుద్దుకోవు. ఉతుకు నడుస్తున్నప్పుడు అద్దంలోంచి చూస్తే బట్టలు పైదాకా వెళ్లి ధబ్‌మని పడుతూ ఉండాలి.

రెండో ఉతుకు: కాటన్ 60 డిగ్రీలు, గంటన్నర నుంచి రెండు గంటలు, పౌడర్ పూర్తి కొలత. అంటే ప్యాకెట్ మీద ఫుల్ లోడ్‌కి, బాగా మురికి బట్టలకు రాసిన కొలత. 15 నిమిషాల క్విక్ వాష్‌కి నీళ్లు వేడెక్కే సమయమే ఉండదు. కొన్ని మిషన్లలో ఎకో ప్రోగ్రామ్ కూడా రాసినంత వేడి చేయదు. కరెంటు ఒక యూనిట్‌కి అటూ ఇటూ ఖర్చవుతుంది. డైపర్ బయటి కవర్ల లేబుల్ మీద 40 డిగ్రీలనే రాసి ఉంటే వాటిని 40లోనే ఉతికి, ఇన్సర్ట్‌లను మాత్రం 60లో వేయండి. పీయూఎల్‌కి వేడి పడదు, పొర ఊడి కారడం మొదలవుతుంది. ఇస్త్రీ అసలే వద్దు.

డిటర్జెంట్ దగ్గరే ఎక్కువమంది పొరపాటు చేస్తారు. పసిబిడ్డ చర్మం కదా అని చెంచాడు వేసి సరిపెడతారు. అలా మిగిలిపోయిన ఉచ్చే తర్వాత ఘాటుగా వాసనకొట్టి, పిల్లల తొడలు ఎర్రబారేలా చేస్తుంది. ఫ్రంట్ లోడ్‌కని రాసి ఉన్న పౌడర్ కొనండి. బకెట్‌లో ఉతికే పౌడర్‌కి నురుగెక్కువ. ఆ నురుగు మెత్తలా అడ్డుపడి బట్టల్ని గట్టిగా పడనివ్వదు. ఫ్యాబ్రిక్ కండిషనర్ నూలు మీద జిడ్డు పూత పూస్తుంది, ఇన్సర్ట్ పీల్చడం మానేస్తుంది. కుంకుడు రసం పట్టుచీరకు మంచిదే, ఇంత మురికిని లాగే శక్తి దానికి లేదు. యాంటీసెప్టిక్ లిక్విడ్ అవసరం లేదు. వెనిగర్ రోజూ పోస్తే తలుపు రబ్బరుకీ, డైపర్ ఎలాస్టిక్‌కీ చేటు.

ఇక నీళ్ల సంగతి. బోరు నీళ్లయితే అందులోని కాల్షియం, మెగ్నీషియం డిటర్జెంట్‌ని తినేస్తాయి, మిగిలినవి ఇన్సర్ట్‌లో పేరుకుంటాయి. టీడీఎస్ మీటర్ నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి చూపిస్తుంది, కాఠిన్యాన్ని, అంటే ఈ రెండూ ఎంత ఉన్నాయో, విడిగా చెప్పదు. అక్వేరియం షాపుల్లో దొరికే హార్డ్‌నెస్ స్ట్రిప్‌తో చూడండి. తాగునీటి కాఠిన్యానికి మన భారతీయ ప్రమాణం లీటరుకు 200 మిల్లీగ్రాములు, వేరే దారి లేకపోతే 600 దాకా ఒప్పుకుంటుంది. 200 దాటితే లిక్విడ్ కంటే పౌడర్ నయం. బాగా ఎక్కువుంటే రెండో ఉతుకులో పౌడర్‌తో పాటు రెండు టేబుల్ స్పూన్ల వాషింగ్ సోడా వేయండి. వాషింగ్ సోడా అంటే వంటసోడా కాదు. మంజీరా, కృష్ణా కుళాయి నీళ్లు వచ్చే ఇళ్లలో సాధారణంగా ఇంత తంటా ఉండదు. ఆర్‌ఓ నుంచి పోయే నీళ్లను పట్టి డైపర్లకు వాడే పొదుపు మాత్రం వద్దు. బోరు నీళ్ల కాఠిన్యమంతా చిక్కబడి అందులోనే ఉంటుంది.

ఆఖరి జాడింపులో మిషన్ ఆపి అద్దం దగ్గర చూడండి. అక్కడక్కడా బుడగలు పుట్టి పగిలిపోతుంటే ఫరవాలేదు. నీళ్ల మీద నురుగు పొరలా నిలిచి ఉంటే ఒక రిన్స్ అదనంగా పెట్టండి. బోరు నీళ్లతో అంతకు మించి జాడిస్తే కొత్తగా ఉప్పు పట్టించినట్టే.

ఉతికిన ఇన్సర్ట్ పొడిగా ఉన్నప్పుడు బాగుండి, ఉచ్చ తగలగానే ముక్కు మండేంత వాసన వస్తే డిటర్జెంట్ చాలలేదనో, లోపల ఉప్పు పేరుకుందనో అర్థం. పూర్తి కొలత పౌడర్‌తో 60 డిగ్రీల్లో, వీలైతే కుళాయి నీళ్లతో, వరుసగా రెండు మూడు సార్లు ఉతకండి. డైపర్ కారుతుంటే ఇన్సర్ట్ మీద ఒక నీటి చుక్క వేయండి. తామరాకు మీద చుక్కలా గుండ్రంగా నిలబడితే జిడ్డు పట్టింది. నువ్వుల నూనెతో మర్దనా చేసి స్నానానికి ముందే డైపర్ కట్టడం, జింక్ ఆక్సైడ్ క్రీములు, ఇవే దీనికి కారణాలు. గోరువెచ్చని నీళ్లలో కొద్దిగా గిన్నెలు తోమే లిక్విడ్ వేసి చేత్తో రుద్ది, నురుగు పూర్తిగా పోయేదాకా జాడించాకే మిషన్‌లో వేయాలి. క్రీము రాసిన రోజుల్లో పాత పంచె ముక్క ఒకటి అడ్డం పరవండి. ఇక కొత్త ఇన్సర్ట్‌లు కారితే కంగారు పడనక్కర్లేదు. నూలు గుడ్డల్లో, గంజాయి జాతి మొక్క నారతో నేసే హెంప్ గుడ్డల్లో సహజంగా ఉండే జిడ్డు నాలుగైదు ఉతుకులకు గానీ వదలదు.

బ్లీచ్ వాడాల్సిన అవసరం ఎప్పుడో గానీ రాదు. ఫంగస్ దద్దుర్లు వచ్చాకో, ఎవరో వాడినవి తీసుకున్నప్పుడో, అదీ ఉతికిన ఇన్సర్ట్‌లకే. బ్లీచ్ ఉచ్చ ఉన్న గుడ్డ మీద పడినా, వెనిగర్‌తో, టాయిలెట్ క్లీనర్‌తో కలిసినా విషవాయువు పుడుతుంది.

ఉతకడం అయ్యాక తలుపు రబ్బరు మడతలోని నీళ్లూ పీచూ తుడిచి, తలుపు ఓరగా వదిలేయండి. కింద ఉన్న ఫిల్టర్ రెండు వారాలకోసారి శుభ్రం చేయండి, ఖాళీ డ్రమ్ముతో క్లీన్ ప్రోగ్రామ్ నెలకోసారి నడపండి.

ఆరేసేటప్పుడు ఇన్సర్ట్‌లు ఎండలో, కవర్లు నీడలో. పసుపచ్చ మరకలున్న ఇన్సర్ట్‌ని తడిగానే మరక పైకుండేలా ఎండలో వేస్తే మరక చాలావరకు వెలిసిపోతుంది. మే ఎండకు ఇన్సర్ట్ అప్పడంలా బిరుసెక్కితే చేతుల మధ్య నలిపితే మెత్తబడుతుంది. వానాకాలంలో ఫ్యాన్ కింద ఒకదాని మీద ఒకటి పడకుండా పరచండి. పైన చేయి పెట్టి చూసి ఆరిందనుకోవద్దు. మధ్యకు మడిచి బుగ్గకు ఆనించండి. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉంది.